రెండోసారి పట్టేసిన చైన్ సా ఇంజన్: పిస్టన్ మార్చేముందు కారణం వెతకడం ఎలా?

ఉద్దానం తోట:

సభ్యులందరికీ నమస్కారం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలో కొబ్బరి, జీడిమామిడి చెట్లు చాలావరకు నేలకొరిగాయి. ఆ చెట్లను ముక్కలు చేసి దారి తీయడానికి అప్పట్లో కొన్న 22 అంగుళాల బారు (చైను తిరిగే పొడవాటి పట్టీ) గల చైన్ సా ఈనాటికీ మా ఇంట్లో ఉంది. గత వేసవిలో ఎండిన జీడి మొద్దు కోస్తూ ఉండగా ఇంజన్ శబ్దం ఉన్నట్టుండి సన్నగా, కీచుగా పెరిగి, వెంటనే బలం తగ్గి ఆగిపోయింది. చల్లారిన తరువాత తాడు లాగితే తిరిగింది గాని, లాగుడులో ఉండవలసిన బిగువు లేదు.

దగ్గరి పట్టణంలో ఒక మెకానిక్ పిస్టన్, రింగులు మార్చి ఇచ్చారు. సరిగ్గా మూడు ట్యాంకుల పెట్రోలు అయ్యేసరికి అదే కీచు శబ్దంతో మళ్లీ అదే విధంగా పట్టేసింది. రెండుసార్లూ లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్‌ను మందు సీసా మూతతో కొలిచి మరీ కలిపాను గనుక ఆయిల్ తక్కువైందన్న మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఈసారి ఇంట్లోనే నేనే విప్పాలనుకుంటున్నాను. మోటారు సైకిల్ పనిముట్లు, అలెన్ కీలు, వెర్నియర్ నా దగ్గర ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

పాత టూస్ట్రోక్:

ఉద్దానం వారూ, మీరు ఆగి అడగడం మంచిదైంది. ఇంకో పిస్టన్ వేసి ఉంటే అది కూడా మూడు ట్యాంకులే బతికేది. ఆర్‌ఎక్స్ 100 బండ్ల కాలం నుంచి టూస్ట్రోక్ ఇంజన్లు విప్పుతున్నవాడిగా నా మాట ఒక్కటే: పట్టేసిన పిస్టన్‌ను ముందు చదవాలి, తరువాతే మార్చాలి.

సిలిండర్ విప్పకండి. ముందు సైలెన్సర్ మాత్రం తీయండి. పొగ బయటికి వచ్చే ఆ రంధ్రంలోంచి టార్చిలైటు వేసి, తాడును నెమ్మదిగా లాగుతూ పిస్టన్ పక్కభాగం చూడండి. తరువాత కార్బరేటర్ తీసి అటు వైపు నుంచి కూడా చూడండి. గీతలు పిస్టన్ చుట్టూ, రెండు వైపులా ఉండి, లోపల అంతా పొడిగా ఉంటే ఆయిల్ కలపని పెట్రోలు పడినట్టు లెక్క. కార్బరేటర్ వైపు మాత్రమే అరిగి మసకగా ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతున్నట్టు. సైలెన్సర్ వైపు మాత్రమే నిలువుగా గీతలు పడి, కార్బరేటర్ వైపు శుభ్రంగా నూనె మెరుపుతో ఉంటే ఆయిల్ అందింది గాని వేడి ఎక్కువైందని అర్థం. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయినప్పుడు వచ్చే వేడి అది. ఆగిపోయే ముందు శబ్దం కీచుగా పెరిగిందన్నారు కాబట్టి నాకు ఈ మూడోదే అనుమానం.

కంప్రెషన్ కూడా కొలవండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ 150 పీఎస్‌ఐ దరిదాపుల్లో చూపుతుంది. 100కు దిగువన ఉంటే స్టార్ట్ కావడమే కష్టం. కార్లకు వాడే పొడవాటి గొట్టం గేజీ ఇంత చిన్న ఇంజన్ మీద తక్కువ చూపిస్తుంది. కాబట్టి గొట్టంలోని వాల్వు ప్లగ్గు వైపు చివరనే ఉన్న గేజీ దొరికితేనే ఆ అంకెను నమ్మండి.

కోనసీమ కొబ్బరి:

మా ఊళ్లో అందరూ లీటరుకు 60 మిల్లీలీటర్లు పోస్తారు. కొద్దిగా పొగ వచ్చినా ఇంజన్ పట్టేయదు. మీరు కూడా ఆయిల్ పెంచి చూడండి. ఈ విప్పడాలు, కొలవడాలు లేకుండానే సరిపోవచ్చు.

పాత టూస్ట్రోక్:

కోనసీమ వారూ, మీ అనుభవాన్ని కాదనను గాని, ఈ సందర్భంలో ఆ సలహా ఎదురు తిరుగుతుంది. కార్బరేటర్ జెట్టులోంచి వెళ్లే ద్రవం పరిమాణం మారదు. అందులో ఆయిల్ పాలు పెంచితే పెట్రోలు పాలు తగ్గుతుంది, అంటే మిశ్రమం ఇంకా పలచబడుతుంది. పలచబడిన మిశ్రమంతో కాలిపోయిన ఇంజన్‌కు అది వైద్యం కాదు. మంచి రకం ఆయిల్‌తో లీటరుకు 20 మిల్లీలీటర్లు, మామూలు ఆయిల్‌తో 40 మిల్లీలీటర్లు అన్నది చాలా కంపెనీల పుస్తకాల్లో ఉండే లెక్క. ఆయన 40 పోస్తున్నారు. అది చాలు.

ఉద్దానం తోట:

చెప్పినట్టే చేశాను. కంప్రెషన్ 70 దగ్గర ఆగింది. సైలెన్సర్ వైపు పిస్టన్ మీద వేలి వెడల్పు మేర నిలువు గీతలున్నాయి, పై రింగు అక్కడ అల్యూమినియంలో కూరుకుపోయి గాడిలో కదలడం లేదు. కార్బరేటర్ వైపు మాత్రం కొత్త పిస్టన్ మీద తయారీలో పడిన సన్నని గీతలు కూడా చెరగకుండా నూనెతో తళతళలాడుతున్నాయి. మెకానిక్ తీసి ఇచ్చిన మొదటి పిస్టన్ నా దగ్గరే దాచి ఉంచాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గీతలు ఒకే చోట, ఒకే తీరులో ఉన్నాయి. సిలిండర్ కూడా పోయినట్టే కనబడుతోంది. బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేయించవచ్చా?

లేత్ పని:

బోరు కొట్టించడం కుదరదండీ. ఈ ప్రశ్నతో మా షెడ్డుకు చాలామంది వస్తారు. ఆర్‌ఎక్స్ 100లో ఇనుప స్లీవు ఉంటుంది కాబట్టి పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్, అరిగాక అర మిల్లీమీటరు పిస్టన్ అంటూ బోరు కొట్టుకుంటూ పోయాం. చైన్ సా సిలిండర్ మొత్తం అల్యూమినియమే. లోపలి గోడ మీద నికెల్ లేదా క్రోమ్ పూత చాలా పలచగా ఉంటుంది. లేత్ మీద పెట్టి గీసిన మరుక్షణం ఆ పూత పోయి మెత్తని అల్యూమినియం బయటపడుతుంది. దాని మీద ఏ పిస్టనూ నిలవదు.

అలాగని ఇప్పుడే సిలిండర్‌ను పారేయకండి. మీకు కనిపిస్తున్న గీతల్లో చాలా భాగం పిస్టన్ నుంచి కరిగి గోడకు అంటుకున్న అల్యూమినియమే కావచ్చు, కింద పూత భద్రంగా ఉండవచ్చు. ఆ అంటుకున్నదాన్ని ఎలా తీయాలో తరువాత చెబుతాను. అంతకుముందు, ఇంజన్ ఇంకా బిగించి ఉండగానే గాలి ఎక్కడి నుంచి దూరుతోందో పట్టుకోవాలి. విప్పేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

పాత టూస్ట్రోక్:

అక్షరాలా నిజం. ఈ ఇంజన్ల అడుగు గది గాలి చొరబడని డబ్బాలా ఉండాలి. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చివర్లా ఆయిల్ సీళ్లు (రబ్బరు వలయాలు), సిలిండర్ కింద ప్యాకింగ్, కార్బరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు గొట్టం. వీటిలో ఏ ఒక్కటి చిరిగినా కార్బరేటర్‌ను తప్పించుకుని గాలి లోపలికి పోతుంది. ఆ గాలితో పాటు పెట్రోలూ రాదు, ఆయిలూ రాదు. పరీక్షకు ఖరీదైన పంపు అక్కరలేదు, ఇంట్లో బీపీ చూసే పాత పరికరం ఉంటే చాలు. దాని బల్బు, గడియారం, గొట్టం తీసుకోండి.

పాత ప్లగ్గు ఒకటి పింగాణీ పగలగొట్టి, లోపల ఖాళీ చేసి, ఆ గొట్టాన్ని ఎం-సీల్‌తో అందులో అతికించండి. సైలెన్సర్ కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బోల్టులు బిగించండి. కార్బరేటర్‌కూ రబ్బరు గొట్టానికీ మధ్య కూడా అలాంటి ముక్కే పెట్టండి, గొట్టం మాత్రం పరీక్షలో భాగంగా ఇంజన్ వైపే ఉండాలి. పిస్టన్‌ను అట్టడుగుకు దించితే పైగది, అడుగు గది కలిసిపోతాయి. అప్పుడు బల్బు నొక్కి 250 వరకు ఎక్కించి, నిమిషం పాటు ముల్లును చూడండి. బీపీ గడియారంలో 250 అంటే సుమారు 5 పీఎస్‌ఐ. అంతకన్నా ఎక్కువ అక్కరలేదు. ముల్లు దిగిపోతూ ఉంటే సబ్బు నీళ్లు రాయండి.

ఉద్దానం తోట:

మా నాన్నగారి బీపీ పరికరమే వాడాను. బల్బు నొక్కి 250కి ఎక్కించి చేయి తీస్తే ముల్లు పది సెకన్లలో సున్నాకు చేరింది. రబ్బరు గొట్టం మీద, సిలిండర్ అడుగున, ప్లగ్గు చుట్టూ సబ్బు నీళ్లు రాస్తే ఒక్క బుడగ రాలేదు. క్లచ్చి వైపు కూడా ఏమీ లేదు. తాడు కేసు విప్పి మాగ్నెటో (ప్లగ్గుకు కరెంటు పుట్టించే చక్రం) వెనుక చెవి పెడితే సన్నగా ‘సుయ్’ మంటూ వినిపించింది. మాగ్నెటో తీయవలసి ఉంటుందనుకుంటాను. దానిది సవ్య మరా, అపసవ్య మరా?

లేత్ పని:

మాగ్నెటో నట్టు మామూలు మరే, ఎడమకు తిప్పితే వస్తుంది. క్లచ్చిది మాత్రం తిరగబడిన మర. అది గడియారం తిరిగే దిశలో తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియక బలమంతా ఉపయోగించి క్లచ్చిని ఇంకా బిగించి విరగ్గొట్టినవారున్నారు. ఇంజన్ తిరగకుండా ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి పాత స్టార్టరు తాడును ముడులు వేసి దూర్చండి. పిస్టన్ పైకి వచ్చి తాడును నొక్కి మెత్తగా ఆగుతుంది. స్క్రూడ్రైవరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దూర్చవద్దు. నట్టును పూర్తిగా తీయకుండా క్రాంక్ చివరతో సమానంగా ఉంచి, ఒక చేత్తో మాగ్నెటోను బయటికి లాగుతూ నట్టు మీద చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఊడి వస్తుంది. దాన్ని ఇరుసు మీద సరైన చోట నిలిపే చిన్న కీ చెక్కు చెదరకుండా ఉందో లేదో చూడండి. అది తెగితే నిప్పు పడే సమయమే మారిపోతుంది.

ఉద్దానం తోట:

దొరికింది. మాగ్నెటో తీయగానే వెనుక కొబ్బరి పొట్టు, నూనె కలిసి పిడకలా గడ్డకట్టి ఉంది. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, మళ్లీ గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు రాస్తే క్రాంక్ ఇరుసు చుట్టూ చంద్రవంకలా ఒక వైపు మాత్రం బుడగలు లేచాయి. సీల్ పెదవి గోరుతో నొక్కితే ప్లాస్టిక్ లాగా గట్టిగా ఉంది. రెండు పిస్టన్ల ప్రాణం తీసినది ఈ చిన్న రబ్బరు వలయమేనన్నమాట.

పాత టూస్ట్రోక్:

మాగ్నెటో రెక్కలే ఇంజన్‌కు ఫ్యాను. బయటి గాలిని లాగేటప్పుడు పొట్టును కూడా లాగి సరిగ్గా ఆ సీల్ మీదికే కొడతాయి. పచ్చి కొబ్బరి మాను పీచు మరీ అధ్వాన్నం. ఒక వైపు పోయింది కదా అని ఒక్కటే మార్చకండి, రెండు సీళ్లూ వయసులో కవలలే. పాత సీల్ ముఖం మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ అంకెలు చెబితే బేరింగుల దుకాణంలో దొరుకుతుంది. తీసేటప్పుడు సీల్ ఇనుప అంచుకు చిన్న రంధ్రం చేసి, ఒక మేకు మర బిగించి, పటకారుతో లాగండి. ఇరుసు మీద గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది.

అట్లాంటా పెరడు:

ఇక్కడ అమెరికాలో మా పెరట్లో పడిన పైన్ చెట్ల కోసం నేనూ చైన్ సా వాడుతుంటాను, అందుకే ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. సీల్ మీదే తప్పంతా వేయడానికి ముందు పెట్రోలును కూడా చూడండి. మాకు బంకుల్లో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది, చాలా చైన్ సా కంపెనీలు తమ పుస్తకాల్లో అంతవరకే అనుమతిస్తాయి. ఇండియాలో ఇప్పుడు 20 శాతం. శుద్ధ పెట్రోలు ఒక కిలో కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం కలిస్తే లెక్క సుమారు 13.5కు వస్తుంది. అంటే పాత పెట్రోలుకు సరిచేసిన కార్బరేటర్ ఇప్పుడు అదే మర స్థానంలో పలచగా పోస్తోందన్నమాట. సీల్ నుంచి దూరే గాలి దానికి తోడైంది.

కోనసీమ కొబ్బరి:

పెట్రోల్లో నీళ్లు పోసి కుదిపితే ఇథనాల్ నీళ్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది, పై పెట్రోలు తీసి వాడుకోవచ్చని విన్నాను. అది మంచిదేనా?

అట్లాంటా పెరడు:

దిగిపోవడం నిజమే గాని, ఇథనాల్ పోవడంతో పాటు ఆక్టేన్ కూడా పడిపోతుంది. మిగిలిన పెట్రోల్లో తడి ఎంత ఉందో కంటికి తెలియదు. అంతకన్నా తాజా పెట్రోలు కొద్దికొద్దిగా కలుపుకోవడం, పని లేనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి ఇంజన్ దానంతట అది ఆగేవరకు నడపడం మేలు. నెలల తరబడి డబ్బాలో మూలుగుతున్న మిశ్రమం వాడకండి. కార్బరేటర్ లోపలి పలుచటి పొరలు గట్టిపడితే వాటినీ మార్చండి.

లేత్ పని:

ఇప్పుడు సిలిండర్ సంగతి. నాలుగు బోల్టులు తీసి సిలిండర్‌ను తిన్నగా పైకి లాగండి, మెలిపెట్టకండి. వెంటనే అడుగు గది నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. గుడ్జన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే పిన్ను) లాక్ ఎగిరి అందులో పడితే మిగతా సగం ఇంజన్ కూడా విప్పవలసి వస్తుంది. కనెక్టింగ్ రాడ్డును పైకీ కిందికీ కదిపి చూడండి. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, నిలువుగా ఏమాత్రం ఆట ఉన్నా క్రాంక్ పోయినట్టే.

అంటుకున్న అల్యూమినియం తీయడానికి బాత్‌రూములు కడిగే యాసిడ్ వాడతారు. దూదిపుల్లతో గీతల మీద మాత్రమే రాయాలి. పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులకు తగిలితే అక్కడి అసలు అల్యూమినియంనే తినేస్తుంది. ఆరుబయట చేయండి, చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి, పక్కన బ్లీచింగ్ ఉంచకండి. బుడగలు వచ్చినంతసేపు అల్యూమినియం కరుగుతున్నట్టు. పైపొర పోయి బుడగలు ఆగిపోతే కింద పూత ఉన్నట్టు. ఎన్నిసార్లు రాసినా ఒకేచోట బుడగలు వస్తూనే ఉంటే అక్కడ పూత లేనట్టు, ఇక ఆ సిలిండర్ మీద ఆశ వదులుకోండి. చివరికి వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, 320 నంబరు ఎమరీ పేపరుతో అడ్డదిడ్డంగా తేలికపాటి గీతలు వేయండి.

ఉద్దానం తోట:

ఈ పనికి ఒక పూట పట్టింది. దూదిపుల్ల ఆనించగానే బూడిదరంగు చారల మీద ఆవాల కన్నా చిన్న బుడగలు లేచి దూది నల్లబడింది. తుడిచి మళ్లీ రాశాను. నాలుగోసారికి చారలు రెండింటిలో బుడగలు ఆగి, కింద ముదురు బూడిదరంగు గోడ నున్నగా బయటపడింది, గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగలలేదు. కాని మూడో చార, సైలెన్సర్ పోర్టుకు పైన, బియ్యపుగింజ పొడవున, ఎనిమిదోసారికి కూడా పొంగుతూనే ఉంది. టార్చి వేసి చూస్తే అక్కడ తెల్లటి లోహం కనబడుతోంది. సరిగ్గా రింగులు నడిచే దారిలో ఉంది. నాకు మనసు ఒప్పలేదు గాని ఆ సిలిండర్‌ను పక్కన పెట్టేశాను.

కొత్త కిట్ కొనేముందు కొలతలు తీశాను. పెట్టె మీద 58 సిసి అని అచ్చువేసి ఉన్నా, నా వెర్నియర్ ప్రకారం బోరు 45.2 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 34 మిల్లీమీటర్లు, లెక్క వేస్తే 54.6 సిసి మాత్రమే వచ్చింది. పెట్టె మీది అంకె చెప్పి తెప్పించి ఉంటే వేరే పిస్టన్ వచ్చేదేమో. బోరు, పిన్ను వ్యాసం రెండూ చెప్పి సిలిండర్, పిస్టన్, రింగులు కలిపి తెప్పించుకున్నాను.

పాత టూస్ట్రోక్:

మంచి నిర్ణయం. బియ్యపుగింజంత చోటే పది గంటల్లో కొత్త రింగును కొరికేస్తుంది. కూర్చేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. పిస్టన్ నెత్తి మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపే ఉండాలి. రింగు గాడిలో చిన్న మేకు ఉంటుంది, రింగు రెండు కొసలూ దాని అటూ ఇటూ కూర్చోవాలి. అది తప్పితే కొస పోర్టులో చిక్కుకుని విరుగుతుంది. పిస్టన్‌కు ఎక్కించే ముందు రింగును ఒంటిగా సిలిండర్లోకి తోసి కొసల మధ్య సందు ఫీలర్ గేజీతో చూడండి. ఈ బోరుకు 0.2 మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. పాత లాకులు మళ్లీ వాడకండి, కొత్త లాకు నోరు పైకి గాని కిందికి గాని ఉండాలి, పక్కకు ఉండకూడదు. పిన్ను బేరింగుకు, పిస్టన్‌కు, గోడకు టూటీ ఆయిల్ పూసి సిలిండర్ దించి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.

బిగించాక బీపీ పరీక్ష మళ్లీ చేయండి. ఒత్తిడి నిలిచినా వదలకండి, లోపలికి పీల్చే పరీక్ష కూడా కావాలి. బయటికి తోసినప్పుడు మూసుకుపోయే సీల్ లోపలికి పీల్చినప్పుడు తెరుచుకోవచ్చు. అదే గొట్టానికి 50 మిల్లీలీటర్ల సిరంజి తగిలించి, పిడిని వెనక్కి లాగి నిమిషం పట్టుకుని వదలండి. పిడి మొదటి చోటికి తిరిగి వెళ్లిపోతే గాలి దూరలేదని అర్థం. సగంలో ఆగితే దూరింది.

ఉద్దానం తోట:

రెండు సీళ్లనూ సరిపడే పీవీసీ పైపు ముక్కతో సమానంగా తట్టి కూర్చోబెట్టాను, పెదవులకు గ్రీజు పూశాను. బీపీ ముల్లు 250 దగ్గర నిమిషం పాటు కదలలేదు. సిరంజి పిడి వదలగానే మొదటి గీతకే వెళ్లిపోయింది. మాగ్నెటోకూ కాయిలుకూ మధ్య పాత విజిటింగ్ కార్డు పెట్టి బిగించాను. ట్యాంకులోని ఫిల్టరు, కార్బరేటర్ పొరలు కూడా కొత్తవి వేశాను. ఇప్పుడు కార్బరేటర్ మీది ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) పెట్రోలు మరలు ఎంత తెరవాలి?

పాత టూస్ట్రోక్:

రెండూ మెత్తగా మూసి, ఒక్కో చుట్టు తెరిచి స్టార్ట్ చేయండి. వేడెక్కాక ముందు ఎల్ మర, తరువాత ఐడిల్ మర చూడండి. చేయి వదిలితే ఇంజన్ నడవాలి, చైను మాత్రం తిరగకూడదు. హెచ్ మరను శబ్దంతో పట్టాలి. కోత లేకుండా పూర్తిగా నొక్కితే శబ్దం నున్నగా కాకుండా కొంచెం గరగరలాడాలి. అదే బారును మొద్దులో దింపగానే గరగర పోయి శబ్దం శుభ్రపడాలి. కోత లేకుండానే నున్నగా కీచుమంటే అది మీరు రెండుసార్లు విన్న చావు శబ్దమే, వెంటనే మరను ఎనిమిదో వంతు తెరవండి. ఇరవై శాతం ఇథనాల్‌కు కొంచెం ఎక్కువ తెరవవలసి వస్తుంది. మొదటి మూడు ట్యాంకులు సన్న కొమ్మలే కోయండి, గాలిలో ఊరికే రేస్ చేయకండి. పని మొదలుపెట్టే ముందు చైను బ్రేకు పనిచేస్తోందో లేదో కూడా చూసుకోండి. విప్పి కూర్చిన ప్రతిసారీ అది చూడాలి.

ఉద్దానం తోట:

ఇవాళ్టితో ఆరు ట్యాంకులు పూర్తయ్యాయి. హెచ్ మర చుట్టుమీద పావు దగ్గర స్థిరపడింది. కంప్రెషన్ 150 చూపుతోంది. ప్లగ్గు తీసి చూస్తే కొస లేత ఇటుక రంగులో ఉంది. పోయిన వేసవిలో సగంలో వదిలేసిన ఆ జీడి మొద్దునే నిన్న పూర్తిగా కోశాను. సైలెన్సర్ తీసి టార్చి వేస్తే పిస్టన్ మీద తయారీ గీతలు నాలుగు వైపులా అలాగే ఉన్నాయి. రెండో ట్యాంకు తరువాత సిలిండర్ బోల్టులు పరీక్షిస్తే ఒకటి పావు చుట్టు వదులుగా దొరికింది, బిగించాను. ప్రతి ఆదివారం తాడు కేసు విప్పి మాగ్నెటో వెనుక పొట్టు ఊదుతున్నాను. నాన్నగారికి కొత్త బీపీ పరికరం కొనిచ్చాను.

లేత్ పని:

వదులుగా దొరికిన ఆ బోల్టును పదో ట్యాంకు తరువాత ఇంకోసారి చూడండి. మళ్లీ వదులైతే దాని మర గాడిలో నూనె ఉండి ఉంటుంది. అప్పుడు తీసి, పెట్రోలుతో కడిగి, ఆరాక, నీలం రంగు లాకింగ్ ద్రవం ఒక్క చుక్క వేసి బిగించండి.